ఆనా మన్యాని: అగ్నిపర్వతాల గోల పక్కన పెట్టి సినిమాల గురించి మాట్లాడుకుందాం

పాతరీలు:
ఇటాలియన్ హీరోయిన్ అనగానే మన ఫోరంలో సోఫియా లారెన్, మోనికా బెలూచీ, మహా అయితే క్లాడియా కార్డినాలే, ఈ ముగ్గురి దగ్గరే బండి ఆగిపోతుంది. మొన్న నియోరియలిజం (యుద్ధం తర్వాత ఇటలీలో వీధుల్లోకెళ్ళి మామూలు జనం కథలు తీసిన ఉద్యమం) థ్రెడ్‌లో ఒకాయన 'మన్యాని యాక్టింగ్ ఏం చెయ్యదండీ, బయట ఎలా ఉంటుందో కెమెరా ముందూ అలాగే ఉండేది' అని రాశారు. మెచ్చుకోలుగానే రాశారు, కాదన్ను, కానీ అది చదివినప్పటి నుంచి నాకు ఒళ్ళు మండుతోంది. అక్కడ జవాబు రాస్తే టాపిక్ పక్కదారి పడుతుందని ఇక్కడ వేరే థ్రెడ్ తెరిచా.

ఆవిడ పుట్టింది 1908 మార్చి 7న, రోమ్‌లో. తండ్రి ఊసు లేదు, తల్లి పిల్లని వదిలేసి ఈజిప్టు వెళ్ళిపోయింది, అమ్మమ్మ పెంచింది. రోమ్‌లో ఎలియొనోరా దూజే పేరు మీద ఉన్న నటన స్కూల్లో చదువుకుంది, తర్వాత నాటక కంపెనీల్లో చిన్నాచితకా వేషాలు, నైట్ క్లబ్బుల్లో పాటలు, ఆ తర్వాత వరైటీ షోలు, యుద్ధం రోజుల్లో తోతో పక్కన స్టేజి మీద కామెడీ. తోతో అంటే అక్కడ మామూలు పేరు కాదు, ఇటలీ కామెడీకి ఆయనే పెద్దదిక్కు. మొదటి సినిమా 1934లో, 'రోమ్ ఓపెన్ సిటీ' 1945లో. అంటే ప్రపంచం ఆవిడని చూసేసరికి ఆవిడకి 37 ఏళ్ళు, వెనకాల పదిహేనేళ్ళకి పైగా స్టేజి అనుభవం. నచ్చకపోతే జనం ఈలలేసి దింపేసే చోట రాత్రిళ్ళు నిలబడి నేర్చుకున్న విద్య అది. దాన్ని పట్టుకుని 'సహజంగా వచ్చేసింది' అంటే ఆవిడ కష్టాన్ని మనం చెత్తబుట్టలో వేసినట్టే.

నా పాయింట్ ఇంతే. ఇక మీరు కానివ్వండి.

నైట్‌షిఫ్ట్_నాని:
అన్నా నాకు ఈవిడ పేరే ఇప్పుడు తెలుస్తోంది 😅 ఒక్క సినిమా చెప్పండి, వీకెండ్ చూస్తా. మరీ స్లోగా ఉండేది వద్దు ప్లీజ్.

సుజాత_వి:
నాని గారూ, 'రోమ్ ఓపెన్ సిటీ'తోనే మొదలెట్టండి. స్లో అస్సలు కాదు, సగం థ్రిల్లర్ లాగే ఉంటుంది. రోమ్ నాజీల చేతుల్లోంచి బయటపడింది 1944 జూన్‌లో, షూటింగ్ మొదలైంది 1945 జనవరిలో, అంటే ఊళ్ళో గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఫిల్మ్ దొరకదు, కరెంటు సరిగా ఉండదు, సౌండ్ రికార్డ్ చెయ్యకుండా తీసేసి తర్వాత డబ్బింగ్ చెప్పించారు. మన్యాని చేసింది పీనా అనే పాత్ర. విధవరాలు, ఒక కొడుకు, కడుపుతో ఉంది, మర్నాడు ఫ్రాంచెస్కో అనే ప్రెస్ కార్మికుడితో పెళ్ళి. ఆ తర్వాత ఏం జరుగుతుందో చెప్పను, చూసి రండి.

పాతరీలు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతా. ఆ సినిమా అనగానే అందరూ 'వీధిలో జనాన్ని పట్టుకొచ్చి తీశారు' అంటారు కదా, తీరా చూస్తే ఇద్దరు ముఖ్యపాత్రలూ, మన్యానీ, ఫాదర్ పియెత్రోగా వేసిన ఆల్దో ఫబ్రీత్సీ, ఇద్దరూ వరైటీ స్టేజి నుంచి వచ్చిన కామెడీ వాళ్ళే. వాళ్ళ టైమింగ్ లేకపోతే ఆ సినిమాలో మొదటి సగం నడవదు. బ్రెడ్ షాపు మీద ఆడవాళ్ళు పడే సీన్ అయినా, పోలీసాయనతో పీనా మాటలైనా, అదంతా స్టేజి మీద సానపట్టిన పనే.

కృష్ణా_ఎక్స్‌ప్రెస్:
మసాలా లేకుండా ఈవిడ గురించి థ్రెడ్ ఎలా గురూ 😄 అసలు కథ చెప్పండి మరి. 'రోమ్ ఓపెన్ సిటీ' డైరెక్టర్ రోసెల్లీనీ ఈవిడతో ఉంటూ ఉండగానే హాలీవుడ్ హీరోయిన్ ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, మీ సినిమాలు చూశాను, నాకు ఇటాలియన్‌లో 'ఐ లవ్ యూ' ఒక్కటే వచ్చు, పిలిస్తే వచ్చి నటిస్తా అని. అంతే ఆయన అటు జంప్. మన్యాని ఒక హోటల్లో స్పగెట్టీ ప్లేటు తీసుకెళ్ళి ఆయన నెత్తిన బోర్లించిందట. తర్వాత ఆయన బెర్గ్‌మన్‌తో స్ట్రోంబోలి దీవిలో అగ్నిపర్వతం మీద సినిమా తీస్తుంటే ఈవిడ పక్క దీవి వుల్కానోలో ఇంకో అగ్నిపర్వతం సినిమా. పేపర్ల వాళ్ళకి పండగే పండగ. ఇంతకంటే ఇంటర్వెల్ బ్యాంగ్ ఎక్కడుంటుంది?

పాతరీలు:
ఇదిగో, నేను టైటిల్లోనే వద్దని రాస్తే మూడో రిప్లైకే వచ్చేసింది. స్పగెట్టీ కథ చెప్పేవాళ్ళు పదిమంది ఉంటే పది రకాలుగా చెప్తారు, నేను దాని మీద పైసా పందెం కాయను. నా బాధ ఏంటంటే ఆవిడ 40 ఏళ్ళ కెరీర్ మొత్తాన్ని 'మొగుడు కాని మొగుడు వదిలేసిన ఆడది' అనే ఒక్క లైన్‌కి కుదించేస్తారు, ఆయన్ని మాత్రం ఎవరూ అలా కుదించరు.

సుజాత_వి:
కృష్ణా గారు సగమే చెప్పారు. నిజానికి అయోలియన్ దీవుల్లో (స్ట్రోంబోలి, వుల్కానో రెండూ వాటిలోవే) సినిమా అనే ఆలోచన పనారియా ఫిల్మ్ అనే చిన్న సిసిలీ కంపెనీ వాళ్ళది, వాళ్ళు ఆ దీవుల చుట్టూ నీళ్ళ కింద షూటింగులు చేసినవాళ్ళు. ఆ ఆలోచన రోసెల్లీనీ దగ్గరికి వెళ్ళడం, ఆయన దాన్ని హాలీవుడ్ డబ్బుతో బెర్గ్‌మన్‌కి పెట్టుకోవడం, పనారియా వాళ్ళకి మండి మన్యానితో విలియం డీటర్లే డైరెక్షన్‌లో 'వుల్కానో' మొదలెట్టడం, ఇదీ వరస. ఈవిడకి కోపం లేదని కాదు, ఉండే ఉంటుంది, కానీ 'ప్రియుడి మీద పగతో సినిమా తీసింది' అన్నది మాత్రం పేపర్ల వాళ్ళ వంటకం.

అసలు అన్యాయం తర్వాత జరిగింది. 1950 ఫిబ్రవరి 2న రోమ్‌లో 'వుల్కానో' మొదటి షో. మధ్యలో ప్రొజెక్టర్ బల్బు పోయింది. అది బాగుచేసేలోపు బెర్గ్‌మన్‌కి కొడుకు పుట్టాడని కబురొచ్చింది, విలేకర్లంతా లేచి అటు పరిగెత్తారు. సినిమా చూడ్డానికి ఎవడూ మిగల్లేదు. ఇలాంటిది స్క్రిప్టులో రాస్తే ప్రొడ్యూసర్ 'మరీ ఓవర్ అయింది, తీసెయ్' అంటాడు.

నైట్‌షిఫ్ట్_నాని:
వామ్మో

మద్రాసుమెయిల్:
రోసెల్లీనీ అంటే 1957లో నెహ్రూ గారి పిలుపు మీద మన దేశం వచ్చి డాక్యుమెంటరీ లాంటి సినిమా తీస్తూ బెంగాలీ ఆవిడ సోనాలీ దాస్‌గుప్తాతో వెళ్ళిపోయాడు, ఆయనే కదా. అంటే బెర్గ్‌మన్‌కీ అదే ముచ్చట తీరింది. పెద్దవాళ్ళ కథలు.

ఇంకో సంగతి. 1952లో మన దేశంలో మొట్టమొదటి అంతర్జాతీయ ఫిల్మ్ ఫెస్టివల్ జరిగింది, బొంబాయిలో మొదలై మద్రాసుకి కూడా వచ్చింది. 'బైసికిల్ థీవ్స్'తో పాటు 'రోమ్ ఓపెన్ సిటీ' కూడా అందులో వేశారు. అప్పుడు మన తెలుగు సినిమా అంతా మద్రాసులోనే ఉంది కాబట్టి మనవాళ్ళు కొందరైనా చూసే ఉంటారు. మన పాత సినిమాల మీద ఆ ప్రభావం ఎంతుందో ఎవరైనా ఓపిక ఉన్నవాళ్ళు తవ్వితే బాగుంటుంది.

ఓరుగల్లు_పోరగాడు:
నిన్న రాత్రి చూసిన 'రోమ్ ఓపెన్ సిటీ'. అన్నా ఏంది గది!! హీరోయిన్‌ని సినిమా సగంలనే చంపుతరా? పెండ్లి రోజు పొద్దుగాల జర్మనోళ్ళు బిల్డింగుని చుట్టుముడ్తరు, ఫ్రాంచెస్కోని లారీ ఎక్కిస్తరు, ఆమె అందర్ని నెట్టుకుంట బయటికొచ్చి 'ఫ్రాంచెస్కో ఫ్రాంచెస్కో' అని ఒర్లుకుంట లారీ ఎంబడి ఉరుకుతది, గంతే, ఒక్క తుపాకి సప్పుడు, కిందవడ్డది. స్లో మోషన్ లేదు, ఏడుపు డైలాగ్ లేదు. పిలగాడు ఉరికొచ్చి మీద పడి 'అమ్మా' అంటడు. నేను రిమోట్ పట్టుకొని గట్లనే కూసున్న. వెనకకు తిప్పి మల్లొకసారి చూసిన, మొత్తం కలిపి కొన్ని సెకన్లే ఉంటది.

ఆమె సచ్చిపోయినంక సినిమా ఇంకా సగం ఉన్నది గని నాకైతే ఆమెనే యాదికొస్తున్నది.

పాతరీలు:
ఆ సీన్ నిజంగా జరిగినదానిలోంచి వచ్చింది తమ్ముడూ. తెరేసా గుల్లాచే అని ఒకావిడ, పిల్లల తల్లి, మళ్ళీ కడుపుతో ఉంది, 1944 మార్చి 3న రోమ్‌లో జూలియో చేజరే వీధిలో మిలిటరీ బ్యారక్ ముందు, లోపల పట్టి ఉంచిన మొగుడి కోసం వెళ్తే కాల్చేశారు. సినిమా తీసింది వేరే చోట, ప్రెనెస్తీనో పేటలో మాంటెకూకోలి వీధిలో.

మరి లారీ వెనకాల పరిగెత్తడం ఎక్కడిది అంటే స్క్రిప్టు రాసిన సెర్జో అమిదేయి ఇంకో కథ చెప్పేవాడు. మన్యాని, అప్పటి ఆవిడ స్నేహితుడు మాస్సిమో సెరాతో ఏదో గొడవపడితే అతను యూనిట్ బండి ఎక్కి పోతుంటే ఈవిడ తిట్టుకుంటూ వెనకాల పరిగెత్తిందట, అది చూసి రాసుకున్నాడట. నాకు ఈ రెండూ కలిసి ఒకే షాట్‌లో ఉండటమే ఆశ్చర్యం. ఒకటి చావు, ఒకటి ఆలుమగల తగువు లాంటిది.

ఇంకోటి. ఆ పాత్రకి ఇటలీలో ఆవిడకిచ్చిన సిల్వర్ రిబ్బన్ అవార్డు సహాయ నటి కేటగిరీలో! సినిమా పోస్టర్ మీద ఇప్పటికీ ఆవిడే, అవార్డు మాత్రం సైడ్ క్యారెక్టర్‌కి.

కడపలాయర్:
ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. ఈవిడ సినిమా ఒకటి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి చట్టాన్నే మార్చేసింది. 1948లో రోసెల్లీనీ ఆవిడ కోసమే తీసిన సినిమాలో రెండు భాగాలు. రెండోదాని పేరు 'ఇల్ మిరాకొలో', అంటే అద్భుతం. అమాల్ఫీ తీరంలో మేకలు కాసుకునే అమాయకురాలు నన్నీనా, దారిన పోయే ఒకణ్ణి సెయింట్ జోసెఫ్ అనుకుంటుంది, వాడు ఆమెకి సారా పోస్తాడు, కడుపు వస్తుంది, దేవుడి బిడ్డ అని నమ్ముతుంది, ఊరంతా నెత్తిన గిన్నె బోర్లించి ఊరేగించి ఎగతాళి చేస్తారు, చివరికి ఒక్కతే కొండెక్కి గుడి దగ్గర ప్రసవిస్తుంది. ఆ దారిన పోయేవాడి వేషం వేసింది ఎవరో తెలుసా, తర్వాత పెద్ద డైరెక్టర్ అయిన ఫెల్లీనీ! జుట్టుకి రంగేసుకుని, ఒక్క డైలాగూ లేకుండా.

న్యూయార్క్‌లో వేస్తే అక్కడి కాథలిక్ చర్చి పెద్ద కార్డినల్ స్పెల్‌మన్ మండిపడ్డాడు, థియేటర్ బయట ధర్నాలు, మతాన్ని అవమానించిందని 1951లో లైసెన్స్ రద్దు చేశారు. డిస్ట్రిబ్యూటర్ జోసెఫ్ బర్‌స్టిన్ కోర్టుకెక్కాడు. 1952 మేలో సుప్రీంకోర్టు జడ్జీలంతా ఏకగ్రీవంగా సినిమాకీ వాక్ స్వాతంత్ర్యం వర్తిస్తుంది అన్నారు. అంతకుముందు 1915 నాటి తీర్పు ప్రకారం సినిమా అంటే ఉత్త వ్యాపారం. లా చదివేవాళ్ళు బర్‌స్టిన్ వర్సెస్ విల్సన్ అని చదువుతారు గానీ ఆ సినిమా చూసినవాళ్ళు వెయ్యికొకరు ఉండరు.

కృష్ణా_ఎక్స్‌ప్రెస్:
లాయర్ గారూ ఇది కేక. కానీ ఒక డౌట్. అదే సినిమా మొదటి భాగం నేను చూశా, ఫోన్‌లో మాట్లాడే కథ. అరగంటకి పైగా ఒక్కతే, ఒక గది, ఒక కుక్క, ఒక ఫోను. వదిలేసి వెళ్ళిపోతున్నవాడితో ఆఖరి ఫోన్ కాల్. నిజాయితీగా చెప్పాలంటే నాకు ఓవర్ యాక్షన్ అనిపించింది. ఏడుపు, బతిమాలడం, మళ్ళీ ఏడుపు. చేతులు ఊపడం, జుట్టు పీక్కోవడం. మీరంతా ఆకాశానికి ఎత్తేస్తున్నారు గానీ ఇప్పటి కళ్ళతో చూస్తే వాల్యూమ్ కొంచెం ఎక్కువే. నన్ను తిట్టకండి.

పాతరీలు:
తిట్టను గానీ ఒప్పుకోను. ఫోన్ కథ అసలు ఫ్రెంచ్ నాటకం, కాక్టో రాసింది, స్టేజి కోసం. మళ్ళీ చూసేటప్పుడు ఒక పని చెయ్యండి, ఆవిడ మాట్లాడే చోట్లు కాదు, వినే చోట్లు చూడండి. అవతలి వాడి గొంతు మనకి వినపడదు. అతను అబద్ధం చెప్తున్నాడని ఆవిడకి అర్థమైన క్షణం ఆవిడ మొహంలోనే మనకి తెలుస్తుంది, తెలిసీ తెలియనట్టు మాట్లాడుతుంది. అది అరుపు కాదు కదా. నాటకం చెయ్యడం వచ్చినవాళ్ళకి తప్ప రాదు.

సుజాత_వి:
కృష్ణా గారి మాటలో కొంత నిజం ఉందనే నేను అంటా. ఆవిడ ఒక్కోసారి డైరెక్టర్‌ని దాటిపోతుంది. రోసెల్లీనీ కాలంలో ఆయన ఆవిడని చూస్తూ ఉండిపోయాడు తప్ప పగ్గం వెయ్యలేదు. అందుకే నాకు విస్కోంతీ తీసిన 'బెల్లిస్సిమా' (1951) ఎక్కువ ఇష్టం, ఈ థ్రెడ్‌లో ఎవరూ ఇంకా దాని గురించి మాట్లాడకపోవడం దారుణం కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా.

మద్దలేనా అనే ఆవిడ ఇళ్ళకి తిరిగి ఇంజెక్షన్లు వేసే నర్సు. చినెచిత్తా స్టూడియో వాళ్ళు ఒక సినిమా కోసం చిన్నపిల్ల కావాలని ప్రకటిస్తే తన కూతురు మరియాని తీసుకెళ్తుంది. వందల మంది తల్లులు, పిల్లలకి రిబ్బన్లు, రింగుల జుట్టు. అక్కడ నుంచి ఈవిడకి పిచ్చి పడుతుంది. పిల్లకి డాన్స్ క్లాసు, నటన పాఠాలు, ఫోటోలు, కొత్త గౌను, ఒకడెవడో నాకు లోపల మనుషులు తెలుసని చెప్పి 50,000 లీరాలు గుంజి దాంతో లాంబ్రెట్టా స్కూటర్ కొనుక్కుంటాడు. మొగుడు అరుస్తాడు, వాడి అరుపుకి ఈవిడ అరుపు, బిల్డింగంతా కలిసి అరుపు. ఇదంతా కామెడీయే, పడిపడి నవ్వుతాం.

మధ్యలో ఒక సీన్ ఉంటుంది, అద్దం ముందు తల దువ్వుకుంటూ తనలో తాను అనుకుంటుంది, అసలు నటన అంటే ఏముంది, నేను ఇంకొకళ్ళని అనుకుంటే, ఇంకొకళ్ళలా నటిస్తే అదే కదా అని. సహజంగా అలాగే ఉంటుంది అనేవాళ్ళకి నేను చూపించేది ఈ సీనే. నటించడం రాని ఆవిడ నటన గురించి ఆలోచిస్తున్నట్టు నటిస్తోంది ఒక మహానటి. ఎంత తేలిగ్గా చేసిందో చూడండి, ఆ దువ్వెన ఆగదు.

ఆఖర్లో దొంగచాటుగా ప్రొజెక్షన్ రూములోంచి కూతురి స్క్రీన్ టెస్ట్ చూస్తుంది. పిల్ల ఏడుస్తుంటే కింద కూర్చున్న సినిమా వాళ్ళు పగలబడి నవ్వుతుంటారు. అక్కడ ఆవిడ మొహం. అరుపు లేదు కృష్ణా గారూ, ఏమీ లేదు, నవ్వు మొహంలోంచి ఒక్కో పొరా ఊడిపోవడం కనిపిస్తుంది. తర్వాత ఏం చేస్తుందో చెప్పను.

ఇంకో చేదు సంగతి కూడా ఉంది అందులో. ఎడిటింగ్ రూములో పనిచేసే ఒకమ్మాయి మద్దలేనాతో చెప్తుంది, నన్నూ వీధిలో చూసి హీరోయిన్‌ని చేశారు, ఒకటో రెండో సినిమాల తర్వాత ఎవరూ పిలవలేదు, ఇప్పుడిక్కడ పని చేసుకుంటున్నా అని. ఆ వేషం వేసింది నిజంగానే అలా వచ్చి పోయిన అమ్మాయే. వీధిలో మనుషుల్ని పట్టుకొచ్చి సినిమాలు తీసిన గొప్ప ఉద్యమానికి ఆ ఉద్యమంలోవాళ్ళే వేసిన చురక అది.

ఓరుగల్లు_పోరగాడు:
అక్కా గిది ఏడ దొరుకుతది? సబ్ టైటిల్స్ ఉన్నయా?

సుజాత_వి:
ఉన్నాయి తమ్ముడూ, ఇటాలియన్ టైటిల్ తోనే వెతుకు. మంచి ప్రింట్ కోసం కొంచెం ఓపిక పట్టు, పాత కాపీలు చూస్తే మొహాలు కనపడవు.

ఎడిసన్_అమ్మమ్మ:
నేను న్యూజెర్సీలో ఉంటానండీ, ఈ ఫోరంలో ఎప్పుడూ చదవడమే తప్ప రాయను. మా ఊరి లైబ్రరీలో 'ది రోజ్ టాటూ' డీవీడీ ఉంటే తెచ్చుకుని చూశాను, మీరెవరూ హాలీవుడ్ సంగతి ఎత్తలేదేమిటి?

టెనెస్సీ విలియమ్స్ ఆ నాటకం ఈవిడని దృష్టిలో పెట్టుకునే రాశాడు. ఆవిడేమో నా ఇంగ్లీషు చాలదు, రోజూ స్టేజి మీద చెప్పలేను అని ఒప్పుకోలేదు. 1951లో బ్రాడ్‌వేలో మొరీన్ స్టేపుల్టన్ వేసింది. సినిమాకి మాత్రం, అంటే 1955కి, ఒప్పుకుంది. బర్ట్ లాంకాస్టర్ పక్కన. సెరఫీనా అని సిసిలీ నుంచి వచ్చి అమెరికాలో బట్టలు కుట్టుకునే ఆవిడ, మొగుడు పోయాక మూడేళ్ళు ఇల్లు కదలకుండా, జుట్టు దువ్వకుండా లోపలిచీర లాంటి దానిలోనే తిరుగుతూ, ఆయన బూడిద కుండకి దణ్ణం పెట్టుకుంటూ ఉంటుంది. తర్వాత ఆ మొగుడికి ఇంకో ఆవిడ ఉండేదని తెలుస్తుంది. లాంకాస్టర్ నాకు అస్సలు నచ్చలేదు, ఊరికే గంతులు. ఈవిడ ఇంగ్లీషు మాత్రం భలే. పరాయి భాషలో కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో నేను ఇక్కడికొచ్చిన కొత్తలో దుకాణాల్లో పడ్డాను కాబట్టి నాకు తెలుసు. ఆవిడ కోపం మాటల కంటే ముందు వచ్చేస్తుంది, మాటలు వెనకాల పరిగెత్తి వస్తాయి.

ఆస్కార్ వచ్చింది దానికి. 1956 మార్చిలో. సుసాన్ హేవర్డ్, కేథరిన్ హెప్‌బర్న్ లాంటివాళ్ళంతా పోటీలో ఉన్నారు. ఈవిడ వెళ్ళలేదు, రోమ్‌లోనే ఉంది, ఆవిడ కూతురి వేషం వేసిన మరీసా పవాన్ అందుకుంది. నటనకి ఆస్కార్ గెలిచిన మొదటి ఇటాలియన్ ఆవిడే.

మద్రాసుమెయిల్:
అమ్మమ్మ గారూ మీరు ఎక్కువ రాయాలి ఇక్కడ. దానికి తోక కూడా ఉంది చూడండి, సరిగ్గా తర్వాతి ఏడాది, 1957లో, ఉత్తమ నటి ఆస్కార్ ఎవరికి? ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కి, 'అనస్తేసియా'కి. అగ్నిపర్వతాలు రెండూ పక్కపక్కనే అన్నమాట.

పాతరీలు:
మెయిల్ గారూ మీరు కూడానా 😀

ఆస్కార్ తర్వాత హాలీవుడ్ ఆవిడకి ఇచ్చినవి లెక్కపెడితే రెండు మూడే. జార్జ్ కుకర్ 'వైల్డ్ ఈజ్ ది విండ్'కి మళ్ళీ నామినేషన్, బెర్లిన్‌లో అవార్డు. తర్వాత బ్రాండోతో 'ది ఫ్యుజిటివ్ కైండ్', అదీ విలియమ్స్ రాసిందే, సిడ్నీ లూమెట్ తీశాడు. ఇద్దరు దిగ్గజాలూ ఒకరి మీద ఒకరు పడతారనుకుంటే ఒకరికొకరు దారివ్వక ఇద్దరూ ఇరుక్కున్నారు. ఆ మాటకొస్తే నాకు వాటన్నిటికంటే రెన్వార్ తీసిన 'గోల్డెన్ కోచ్' ఇష్టం. అందులో ఆవిడ దక్షిణ అమెరికాకి వచ్చిన ఇటాలియన్ నాటకాల ట్రూపులో నటి. మళ్ళీ చూడండి, స్టేజి, నటన. పెద్ద డైరెక్టర్లు ఆవిడని పట్టుకుని మళ్ళీ మళ్ళీ నటన గురించే సినిమాలు తీశారు. సహజంగా ఉండే మనిషితో ఎందుకు తీస్తారండీ అలాంటివి?

కృష్ణా_ఎక్స్‌ప్రెస్:
సెట్లో డైరెక్టర్లనే ఆడించేదంటగా, మన భానుమతి గారి టైపు?

పాతరీలు:
తన మాట నెగ్గించుకోవడం వరకు అవును. అంతకుమించి పోలిక వద్దు, తర్వాత సావిత్రి గారు, తర్వాత ఫ్యాన్ వార్, థ్రెడ్‌కి తాళం.

నైట్‌షిఫ్ట్_నాని:
సోఫియా లారెన్‌తో ఏదో గొడవ అని ఎక్కడో చదివా? అదేంటి?

సుజాత_వి:
గొడవ అనలేం. 'టూ విమెన్' అని మొరావియా నవలని సినిమా తీద్దామనుకున్నప్పుడు తల్లి వేషం మన్యానికి, కూతురి వేషం లారెన్‌కి అని ప్రొడ్యూసర్ కార్లో పోంటి ప్లాన్. మన్యాని, నేను అంత పొడుగు పిల్లకి తల్లినేంటి, కావాలంటే తల్లి వేషం కూడా ఆవిడతోనే వేయించుకోండి అందట. డైరెక్టర్ డి సికా సరిగ్గా అదే చేశాడు, కూతుర్ని చిన్నపిల్లగా మార్చేశారు, పాతికేళ్ళ లారెన్ తల్లి అయింది, 1962లో ఆస్కార్ కొట్టింది. ఇంగ్లీషు కాని భాషలో నటించి ఉత్తమ నటి ఆస్కార్ తెచ్చుకోవడం అదే మొదలు.

నాకు ఇందులో కనిపించేది వేరే. 1950ల మధ్యకి వచ్చేసరికి ఇటలీలో సినిమా మారిపోయింది. అందాల పోటీల నుంచి వచ్చిన అమ్మాయిలు, లొల్లోబ్రిజిదా, లారెన్, అందరూ హీరోయిన్లు. మన్యాని కళ్ళ కింద నల్లటి వలయాలు, రేగిన జుట్టు, యుద్ధం అయిన కొత్తలో దేశానికి తన మొహం లాగా కనిపించాయి. డబ్బులొచ్చాక ఆ మొహం ఎవరికీ అద్దంలో చూసుకోబుద్ధి కాలేదు. ఆవిడకి వేషాలు తగ్గడానికి నేను రోసెల్లీనీని కాదు, దాన్ని తప్పుపడతా.

పాతరీలు:
ఈ పోస్టుకి వంద లైకులు.

అందుకే 1962లో పజోలినీ 'మమ్మా రోమా'కి ఆవిడనే పిలిచాడు. అప్పటికి 54 ఏళ్ళు. ఒళ్ళమ్ముకుని బతికిన ఆవిడ అది మానేసి కూరగాయల బండి పెట్టుకుని, పల్లెలో వదిలేసిన కొడుకుని రోమ్ తీసుకొచ్చి పెద్దమనిషిని చెయ్యాలనుకుంటుంది. రాత్రి వీధిలో నడుస్తూ మాట్లాడే, కట్ లేకుండా సాగే పొడుగు షాట్లు రెండున్నాయి, పక్కకి ఎవరెవరో వచ్చి కలుస్తారు, పోతారు, ఈవిడ మాత్రం ఆగకుండా నడుస్తూ తన కథ నవ్వుతూ చెప్పుకుపోతుంది. షూటింగ్‌లో ఇద్దరికీ వాదనలు జరిగాయి. పజోలినీ ముక్కలు ముక్కలుగా చిన్న షాట్లు తీసే మనిషి, ఈవిడ మొదలుపెడితే సీను సాగుతూ పోవాలనే మనిషి. ఆ రెండు పొడుగు షాట్లలోనే ఆవిడ పూర్తిగా విచ్చుకుంది అని నా లెక్క.

ఎడిసన్_అమ్మమ్మ:
ఆవిడ కొడుకు గురించి ఎవరూ రాయలేదు. లూకా, 1942లో పుట్టాడు. విస్కోంతీ మొదటి సినిమాలో హీరోయిన్ ఈవిడే కావాల్సింది, కడుపుతో ఉండటంతో ఆ వేషం క్లారా కలమాయికి వెళ్ళింది. బాబుకి రెండేళ్ళు నిండకుండానే పోలియో. వైద్యం కోసం స్విట్జర్లాండ్‌లో పెట్టింది, ఆ ఖర్చుల కోసమే ఆ రోజుల్లో దొరికిన పనల్లా చేసింది. 'మమ్మా రోమా'లో కొడుకు కోసం పడే ఆరాటం చూస్తుంటే నాకు అదే గుర్తొచ్చింది.

పాతరీలు:
నిజమే అమ్మమ్మ గారూ, కానీ మళ్ళీ ఆ దారిలోనే 'నటించలేదు, అనుభవించింది' అనే మాట వచ్చి కూర్చుంటుంది. బాధ చాలామందికి ఉంటుంది, దాన్ని షాటుకి సరిపడా కొలిచి పెట్టడం కొందరికే వస్తుంది.

ఎడిసన్_అమ్మమ్మ:
రెండూ ఉండకూడదా నాయనా?

మద్రాసుమెయిల్:
అమ్మమ్మ వన్, పాతరీలు జీరో 😄

చివరి రోజుల సంగతి నేను రాస్తా. 1960ల్లో సినిమాలు తగ్గి నాటకాలకి వెళ్ళిపోయింది, 1965లో జెఫిరెల్లి డైరెక్షన్‌లో 'లా లూపా' వేసింది. 1971లో టీవీకి వరసగా సినిమాలు చేసింది, అల్ఫ్రేదో జన్నెత్తి తీసినవి, అందులో ఒకదాంట్లో ఇటాలియన్ హీరో మస్ట్రోయాని ఈవిడకి మొగుడిగా వేశాడు. 1972లో ఫెల్లీనీ 'రోమా'లో ఒక నిమిషం కనిపిస్తుంది, అదే వెండితెర మీద చివరిసారి. రాత్రి ఇంటికెళ్తుంటే ఫెల్లీనీ గొంతు వెనకాల నుంచి ఈవిడే రోమ్ నగరానికి ప్రతీక అంటూ ఏదో పెద్ద పెద్ద మాటలు మొదలెడితే, వెళ్ళి పడుకో ఫెదెరీకో, నిన్ను నేను నమ్మను అని తలుపు వేసేస్తుంది. 1973 సెప్టెంబర్ 26న కాన్సర్‌తో పోయింది, 65 ఏళ్ళు. మస్ట్రోయానితో చేసిన ఆ సినిమా టీవీలో వేసింది కూడా ఆ సాయంత్రమే. ఆఖరి రోజుల్లో పక్కనున్నది రోసెల్లీనీయే. శవపేటిక చర్చి బయటికి రాగానే జనం చప్పట్లు కొట్టారు. మొదట రోసెల్లీనీ కుటుంబ సమాధిలోనే ఉంచి, తర్వాత సాన్ ఫెలిచే చిర్చేయోకి మార్చారు.

కృష్ణా_ఎక్స్‌ప్రెస్:
అంటే మసాలా లేకుండా చివరి వరకూ కుదరలేదన్నమాట. నేను ముందే చెప్పా.

ఓరుగల్లు_పోరగాడు:
'బెల్లిస్సిమా' చూసిన. సుజాతక్కా నువ్వు చెప్పింది నిజమే, ప్రొజెక్షన్ రూమ్ సీన్ మస్తుంది. గని నాకు ఆఖరు నచ్చలే. సినిమావోళ్ళు కాంట్రాక్టు పట్టుకొని ఇంటికే వస్తరు, గంత అప్పుల ఉండి, మొగనితోని గన్ని మాటలు పడి, పైసలు కండ్ల ముంగట పెడితే వద్దంటదా? సినిమాల అయితది, మా దిక్కు ఏ అమ్మ కూడ వద్దనది. గా విస్కోంతీ పెద్ద జమీందారు ఇంటి పిలగాడంట గదా, ఆయనకేం ఎరుక అప్పులు.

సుజాత_వి:
స్పాయిలర్ ఇచ్చేశావు తమ్ముడూ! నాని గారు ఇంకా చూడలేదు.

కానీ నీ ప్రశ్న మంచిదే. ఒకసారి 'ఒనొరెవొలే ఆంజెలీనా' చూడు, 1947ది, వెనిస్‌లో ఉత్తమ నటి ఇచ్చారు దానికి. పియెత్రలాతా మురికివాడలో పోలీసు పెళ్ళాం, ఐదుగురు పిల్లలు, పాస్తా దాచేసిన కొట్టు మీదకి ఆడవాళ్ళని తీసుకెళ్ళి పెద్ద నాయకురాలు అయిపోతుంది, పార్లమెంటుకి నిలబడమంటారు. అందులోనూ ఆఖర్న వద్దంటుంది, అక్కడ మాత్రం నాకే ఒళ్ళు మండింది. అది చూశాక 'బెల్లిస్సిమా' ఆఖరు గురించి మళ్ళీ పోట్లాడుకుందాం.

నైట్‌షిఫ్ట్_నాని:
నేను ఇంకా ఒక్కటీ చూడలేదు, మీరు మూడు సినిమాల క్లైమాక్సులు చెప్పేశారు. ఎవరూ చెప్పనిది ఏదైనా మిగిలిందా?

పాతరీలు:
'తెరేసా వెనెర్దీ', 1941, డి సికాది. రోసెల్లీనీ లేడు, యుద్ధం లేదు, ఏడుపు లేదు. ఈవిడ వరైటీ పాటగత్తెగా చిన్న వేషం, ఉన్నంతసేపూ కామెడీ. నువ్వు అది చూసి రా నానీ, ఇక్కడ చాలామంది చూసి ఉండరు.